లైటు సరే, ఏ పగడానికి కొంటున్నారు?

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పగడాలు పెంచాలనుకున్నవాళ్లు శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ముందు లైటు కోసమే వెతుకుతారు. అమెరికా వాళ్ల వీడియోలు చూసి, వాళ్లు వాడిన ఖరీదైన దీపమే కావాలంటారు. ఆ దీపాలు ఎక్రొపోరా లాంటి రాతి పగడాల కోసం తయారైనవి. ఆ పగడాలను మన దేశంలో ఇంట్లో పెంచకూడదు. లైటు గురించిన అపోహల్లో సగం ఇక్కడే పుడుతున్నాయి. అందుకే ముందు చట్టం సంగతి చెబుతాను.

"దుకాణంలో అమ్ముతున్నారంటే పెంచుకోవచ్చనే కదా!"

అమ్మినంత మాత్రాన చట్టబద్ధం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నింటినీ 2001లో చేర్చారు. నల్ల పగడాలు, నిప్పు పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, విసనకర్రలా పెరిగే సీ ఫ్యాన్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. 2022 సవరణ ప్రకారం వీటి విషయంలో నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. చచ్చిన పగడమైతే ఫరవాలేదనుకోవడం మరో పొరపాటు. దాని ముక్క దగ్గర పెట్టుకున్నా నేరమే. 'ఇంద్రజాలం' మొక్క అని చెప్పి, దృష్టి తగలకుండా గోడకు తగిలించుకోమని అమ్మేవి చాలావరకు ఎండబెట్టిన సీ ఫ్యాన్లో, నల్ల పగడాలో. అవి మొక్కలు కావు, జంతువులు.

ఆ షెడ్యూలులో లేనివి మెత్తని రకాలు: పుట్టగొడుగు పగడం అని పిలిచే డిస్కోసోమా, తోలు పగడం సార్కోఫైటాన్, చిన్న చిన్న పూలలా విచ్చుకునే జొయాంథస్. వీటిలోనూ సముద్రం నుంచి పీకి తెచ్చినవి వద్దు. ఎవరైనా ట్యాంకులో పెంచి, కోసి ఇచ్చే పిలకలనే బిల్లుతో తీసుకోండి. జొయాంథస్ రకాల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గ్లోవ్స్ లేకుండా వాటిని కోయకూడదు. అవి అంటుకుని ఉన్న రాళ్లను వేడినీళ్లలో వేసి మరిగించకూడదు, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు.

"లైటు ఎంత ఎక్కువైతే పగడం అంత బాగా పెరుగుతుంది."

పగడం శరీరంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. కొన్ని జాతులకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే వస్తుంది. కానీ శైవలం వాడుకోగలిగే వెలుతురుకు ఒక హద్దు ఉంది. అది దాటితే లోపల హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగుపడి, పగడం తన శైవలాలను తానే బయటికి నెట్టేస్తుంది.

ఈ హద్దును 'పార్' అనే కొలతలో చెబుతారు. చదరపు మీటరు మీద సెకనుకు ఎంత కాంతి పడుతోందో, అందులో కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది ఎంతో చెప్పే లెక్క అది. ఉష్ణమండలంలో నడినెత్తిన సూర్యుడున్నప్పుడు సముద్రం పైన పార్ 2,000 దాకా ఉంటుంది. ఎక్రొపోరాకు 200 నుంచి 350 కావాలి. పుట్టగొడుగు పగడానికి 50 చాలు. జొయాంథస్ 80 నుంచి 150 మధ్య హాయిగా ఉంటుంది. మనం పెంచుకోదగిన రకాలకు మామూలు ఎల్ఈడీ సరిపోతుందన్నమాట. వాట్లు చూసి కొంటే మోసపోతాం. వాట్లు ఆ దీపం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి, పగడం మీద ఎంత వెలుతురు పడుతుందో చెప్పవు. ఫోన్‌లోని లక్స్ యాప్ మనిషి కంటి లెక్కతో కొలుస్తుంది, నీలి వెలుతురును తక్కువ చేసి చూపుతుంది.

కొత్త లైటును ముప్పై, నలభై శాతం దగ్గర మొదలుపెట్టి నెల రోజుల మీద పెంచండి. పగడం మెడ సాచినట్టు పైకి సాగుతోందంటే వెలుతురు చాలడం లేదు. ముడుచుకుని రంగు పాలిపోతోందంటే ఎక్కువైంది. కిటికీ పక్కన పెట్టి ఎండతోనే నడిపిద్దామనే ఆలోచన మానుకోండి. మన వేసవిలో నీళ్లు కాగిపోతాయి, గాజు నిండా పాచి పడుతుంది.

"నీలి లైటు అందానికే."

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది నిజం. సముద్రపు నీరు ఎరుపును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. లోతుకు దిగేది నీలి కాంతి. పగడంలోని శైవలాలు వాడుకునేదీ ముఖ్యంగా దాన్నే, 450 నానోమీటర్ల పరిసరాల్లో. తెల్ల లైటు ఎక్కువగా మన కళ్ల కోసమే. నీలి లైటు కింద పగడాలు పచ్చగా, ఎర్రగా మెరవడానికి వాటిలోని ప్రత్యేక ప్రొటీన్లు కారణం. 1999లో రష్యా శాస్త్రవేత్తలు మాస్కోలో ఇళ్లలో పెంచుతున్న అక్వేరియం పగడాల నుంచే అలాంటి ఎర్ర ప్రొటీనును వేరుచేశారు. అది దొరికింది డిస్కోసోమాలో. నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో జీవకణాలకు రంగు గుర్తు పెట్టడానికి దాన్ని వాడుతున్నారు. మీ ట్యాంకులోని పుట్టగొడుగు పగడానికి ఇంత చరిత్ర ఉంది!

రాత్రంతా లైటు వేసి ఉంచేవాళ్లూ ఉన్నారు. రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు చాలు, టైమరు పెట్టండి.

"సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకు?"

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది నిజమే. కానీ మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీప్‌లోనో ఉన్నట్టు ఇక్కడ పెద్ద పగడపు దిబ్బలు లేవు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. వాటి ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది, మంచినీరు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. విశాఖ తీరంలో రాళ్లను పట్టుకుని పెరిగే పగడాలను జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నమోదు చేసింది కానీ అవి దిబ్బలు కట్టలేదు. వానాకాలం వెళ్లాక గంగ, మహానది నీళ్లు కూడా తీరం వెంట దక్షిణానికి సాగి మన దగ్గరికి చేరతాయి. ట్యాంకుకు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఏడాది పొడవునా ఒకేలా ఉండాలి. తీరంలో ముంచి తెచ్చిన నీటిలో ఆ నిలకడ ఉండదు. ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే మేలు. బోరు నీళ్లు వాడితే నైట్రేటు, ఫాస్ఫేటు చేరి పాచి పట్టుకుంటుంది. అలాగని నైట్రేటును సున్నా చేయనక్కరలేదు, మెత్తని పగడాలకు అది కొద్దిగా ఉండాలి.

"కరెంటు పోతే లైటు లేక పగడాలు చస్తాయి."

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పగడానికి రెండు మూడు రోజుల చీకటి పెద్ద బెడద కాదు. నీటి కదలిక ఆగి ప్రాణవాయువు అందకపోవడమే చంపుతుంది, ఒక్కోసారి కొన్ని గంటల్లోనే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వేడి రెండో శత్రువు. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, 30 దాటి నిలిస్తే ప్రమాదం. నీటిపైకి ఫ్యాను తిప్పితే కొంత చల్లబడుతుంది, కానీ మన తీరపు ఉక్కలో ఆవిరి సరిగా లేవదు. తగ్గిన నీటి స్థానంలో ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరైపోదు. లైటు మీద మిగిలిన డబ్బు నీటిని చల్లబరిచే చిల్లరు మీద, ఇన్వర్టరు మీద పెట్టమని గట్టిగా చెబుతాను.

"తెల్లబడితే చచ్చినట్టే."

తెల్లబడిన పగడం ఇంకా బతికే ఉంటుంది, దాని శైవలాలు మాత్రమే పోయాయి. లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016 వేడికి తెల్లబడ్డాయి. వాటిలో చాలా చచ్చిపోయినా కొన్ని తేరుకున్నాయి. ట్యాంకులో అలా జరిగితే వెలుతురు సగానికి తగ్గించి, నీటి వేడి సరిచేసి, పగడాన్ని కదపకుండా వదిలేయండి. రంగు తిరిగి రావడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. మెత్తని పగడం జిగురుగా కరిగి వాసన వేస్తే మాత్రం అదే రోజు తీసేయాలి, లేకపోతే దాని నుంచి పుట్టే అమ్మోనియా మిగతావాటిని చంపుతుంది.