తలా ఒక చెయ్యి వేసి కట్టిన న్యాయసౌధం

నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో, సముద్రపు ఒడ్డుకు పోయే ట్రామ్ దిగి రోడ్డు దాటితే ఇనుప గేట్ల వెనక విశాలమైన పచ్చిక, దాని చివర ఎర్ర ఇటుకల మేడ కనిపిస్తాయి. నిటారుగా వాలిన కప్పు, ఒక మూలన 80 మీటర్ల ఎత్తున గడియారపు గోపురం. ఏ రాజుగారి కోటో అనిపిస్తుంది కానీ ఇందులో రాజులెవరూ కాపురం చేయలేదు. దేశానికీ దేశానికీ తగాదా వస్తే ఫిరంగుల దాకా పోకుండా వచ్చి చెప్పుకునే చోటు ఇది. పేరు పీస్ ప్యాలెస్, అంటే శాంతి సౌధం. ఐక్యరాజ్యసమితి ప్రధానాంగాలన్నీ న్యూయార్క్‌లో ఉంటే ఒక్క అంతర్జాతీయ న్యాయస్థానం మాత్రం ఈ కప్పు కిందే ఉంది. 2019 జులై 17న, పాకిస్థాన్ జైల్లో ఉన్న భారతీయుడు కులభూషణ్ జాదవ్ కేసు తీర్పు కోసం టీవీల ముందు కూర్చున్న మనవాళ్లు చూసింది ఈ భవనాన్నే. ఇదే ఊళ్లో ఉన్న అంతర్జాతీయ నేర న్యాయస్థానం వేరు. అది యుద్ధ నేరాల వంటి అభియోగాలున్న వ్యక్తులను విచారిస్తుంది. ఇక్కడ బోనెక్కేవి దేశాలు.

ఈ ఊరికి ఆ పాత్ర 1899లో వచ్చింది. రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పిలుపు మీద ఆ ఏడాది మే 18న 26 దేశాల ప్రతినిధులు ఇక్కడ సమావేశమయ్యారు. ఆయుధాలు తగ్గించుకుందామన్న మూల ప్రతిపాదన ముందుకు సాగలేదు. అయితే జులైలో విడిపోయే లోపు వాళ్లు ఒక మంచి పని చేశారు. తగాదా పడ్డ దేశాలు తామే మధ్యవర్తులను ఎంచుకుని, వాళ్లు చెప్పిన మాటకు కట్టుబడేలా శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని ఏర్పాటు చేశారు. దాని ముందుకు మొదటి వ్యాజ్యం 1902లో అమెరికా, మెక్సికోల మధ్య వచ్చింది. 120కి పైగా సభ్యదేశాలతో ఆ సంస్థ ఇప్పటికీ ఇదే భవనంలో పనిచేస్తోంది.

సంస్థ పుట్టింది కానీ దానికి తగిన ఇల్లు లేదు. అమెరికాలో ఉక్కు వ్యాపారం చేసి కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ 1903లో 15 లక్షల డాలర్లు ఇచ్చారు. న్యాయస్థానంతో పాటు మంచి గ్రంథాలయమూ ఉండాలన్నది ఆయన కోరిక. నమూనాల పోటీకి 216 డిజైన్లు వస్తే ఫ్రెంచి వాస్తుశిల్పి లూయీ కార్డొనియేది నెగ్గింది. ఆయన గీసినదాంట్లో పెద్ద గోపురాలు రెండు, చిన్నవి రెండు ఉన్నాయి. ఇచ్చిన డబ్బుకు అన్నీ సాధ్యం కాక పెద్దదొకటి, చిన్నదొకటి మిగిలాయి. మేడ ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించడానికి కారణం అదే. 1907 జులై 30న, రెండో శాంతి సమావేశం నడుస్తుండగానే, పునాది రాయి పడింది. 1913 ఆగస్టు 28న తలుపులు తెరిచారు.

లోపలికి అడుగు పెట్టినవారికి ముచ్చట గొలిపేది ఆ మేడలోని ఒక్కో వస్తువు వెనక ఉన్న కథ. ప్రతి దేశమూ తన నేల మీద దొరికేదో, తన పనివాళ్లు చేసిందో ఒకటి ఇవ్వాలని ఆ రెండో శాంతి సమావేశంలో ఫ్రెంచి ప్రతినిధి ఒకరు సూచించారు. అది అందరికీ నచ్చింది. మనం దాటి వచ్చిన ఇనుప గేట్లు జర్మనీ ఇచ్చినవి. గోపురం మీది గడియారం స్విట్జర్లాండ్‌ది. నడవాల్లో పాలరాయి ఇటలీది, లోపలి ముంగిట్లో ఫౌంటెన్ డెన్మార్క్‌ది. నార్వే, స్వీడన్ గ్రానైట్ పంపాయి. తుర్కులు పెద్ద తివాచీ నేసి ఇచ్చారు. పెద్ద న్యాయసభా మందిరంలో రంగురంగుల గాజు కిటికీలు బ్రిటన్ కానుక. రష్యా పంపిన జాస్పర్ రాతి కలశం బరువు 3.2 టన్నులు. జపాన్ గది అని పిలిచే హాల్లో గోడల నిండా పట్టు మీద పువ్వులు, పక్షులు. అక్కడ బల్ల చుట్టూ వేసిన కుర్చీల వీపుల మీద ఒక్కో దేశం రాజచిహ్నాన్ని దారంతో కుట్టారు. ఏ ప్రతినిధి వచ్చినా తన దేశం కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని కూర్చోవచ్చు. పరస్పర సహకారం గురించి ఎన్ని ఒప్పందాలు చదివినా తెలియనిది ఆ గదిని చూస్తే తెలుస్తుంది.

అయితే ఆ రోజుల్లో కుర్చీ దొరకనివాళ్లే ఎక్కువ. భారతదేశం అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది. ఆసియా, ఆఫ్రికాల్లో అత్యధిక భాగానిది అదే స్థితి. 1907లో కొరియా చక్రవర్తి, జపాన్ తమ స్వాతంత్ర్యాన్ని కాజేస్తోందని చెప్పుకోవడానికి ముగ్గురు దూతలను రహస్యంగా ఇక్కడికి పంపారు. వాళ్లను సమావేశంలోకి రానివ్వలేదు. వారిలో ఒకరైన యీ జున్ ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన బస చేసిన హోటల్ ఇప్పుడు మ్యూజియం. హేగ్ వెళ్లినవారు దాన్ని కూడా చూడాలి. చట్టం అందరిదీ అని చెప్పుకునే చోట మొదట ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారో తెలియకుండా ఈ సౌధం చరిత్ర పూర్తికాదు. తలుపులు తెరిచిన ఏడాదికే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. 1915లో అనుకున్న మూడో శాంతి సమావేశం జరగనే లేదు.

యుద్ధం ముగిశాక 1922లో నానాజాతి సమితి కాలపు అంతర్జాతీయ న్యాయస్థానం ఇందులో కొలువు తీరింది. ఇప్పటి కోర్టు 1946 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి వచ్చింది. న్యాయమూర్తులు 15 మంది, పదవీకాలం తొమ్మిదేళ్లు. ఐరాస సర్వప్రతినిధి సభలోనూ భద్రతా మండలిలోనూ విడివిడిగా ఆధిక్యం వస్తేనే ఎన్నికైనట్టు. ఒకే దేశం నుంచి ఇద్దరు ఉండకూడదు. మన దేశం నుంచి బెనెగళ్ నర్సింగరావు, నాగేంద్రసింగ్, ఆర్.ఎస్. పాఠక్, దల్వీర్ భండారీ ఇక్కడ కూర్చున్నారు. కేసు వేసిన దేశానికో, ఎదుర్కొన్న దేశానికో బెంచి మీద తనవాడు లేకపోతే ఆ ఒక్క కేసుకే ఒక న్యాయమూర్తిని నియమించుకునే హక్కు ఉంది. 1999 ఆగస్టులో కచ్ ప్రాంతంలో తమ నౌకాదళ విమానాన్ని కూల్చారని పాకిస్థాన్ కేసు పెట్టినప్పుడు మన తరఫున అలా వెళ్లినవారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎదిగి, మండల్ కేసులో ప్రధాన తీర్పు రాసిన తెలుగు న్యాయమూర్తి ఆయన. ఈ కేసు వినే అధికారం తమకు లేదని 2000 జూన్ 21న 14-2తో కోర్టు తేల్చింది.

ఆ మాటలోనే ఈ న్యాయస్థానం తీరంతా ఉంది. రెండు పక్షాలూ ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటే తప్ప ఇక్కడ కేసు నడవదు. ఒప్పుకోలు ముందే ఒక ఒప్పందంలో రాసి ఉండవచ్చు, ఈ కేసు కోసమే ఇవ్వవచ్చు. జాదవ్ కేసులో భారత్‌కు దారి చూపింది, విదేశంలో అరెస్టయినవారిని వారి దౌత్యాధికారులు కలవనివ్వాలనే 1963 నాటి వియన్నా ఒప్పందం. 15-1తో తీర్పు మనకు అనుకూలంగా వచ్చింది. తీర్పు మీద ఓటు వేసేటప్పుడు అందరికంటే జూనియర్ న్యాయమూర్తి ముందు వేస్తారు, అధ్యక్షుడు ఆఖరున వేస్తారు. పెద్దాయన మనసులో ఏముందో తెలియకముందే చిన్నవాడు తన మాట చెప్పేయాలన్నమాట. ఎంత ముచ్చటైన ఏర్పాటు!

ఇక్కడికి వచ్చే వ్యాజ్యాల్లో చాలావాటిని మన పల్లెటూళ్ల గట్టు తగాదాలతో పోల్చవచ్చు. థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య ప్రీహ్ విహార్ కథే చూడండి. డాంగ్రెక్ కొండ అంచున, 500 మీటర్లకు పైగా ఎత్తున, ఖ్మేర్ రాజులు కట్టిన శివాలయం అది. 1904 ఒప్పందం ప్రకారం వాన నీరు ఎటు పారితే ఆ వైపు నేల ఆ దేశానిది. ఆ లెక్కన గుడి తమదేనని థాయ్‌లాండ్ అంది. 1907లో, అప్పుడు కంబోడియాను ఏలుతున్న ఫ్రెంచివారి సర్వే అధికారులు తయారుచేసిన పటంలో మాత్రం గుడి కంబోడియా వైపు ఉంది. ఆ పటం అందాక సయామ్, అంటే అప్పటి థాయ్‌లాండ్, దశాబ్దాల పాటు అభ్యంతరం చెప్పలేదు. పైగా 1930లో సయామ్ యువరాజు దామ్రోంగ్ గుడి చూడ్డానికి వస్తే ఫ్రెంచి అధికారి తమ జెండా ఎగరేసి స్వాగతం పలికారు. అప్పుడూ ఎవరూ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకుని 1962 జూన్ 15న కోర్టు 9-3తో గుడిని కంబోడియాకు ఇచ్చింది. మనసులో ఎంత కోపం ఉన్నా థాయ్‌లాండ్ గుడిని ఖాళీ చేసింది. చుట్టుపక్కల నేల మీద తగువు మాత్రం మిగిలింది. 2013లో రెండోసారి తీర్పు వచ్చాక కూడా, 2025లో ఆ సరిహద్దు మీద తుపాకులు మోగాయి. 

తీర్పును అమలు చేయించడానికి ఈ కోర్టుకు పోలీసులు లేరు. 1986 జూన్ 27న, నాగేంద్రసింగ్ అధ్యక్షుడిగా ఉండగా, నికరాగ్వా మీద సాయుధ దాడులకు ఊతమిచ్చినందుకు అమెరికాను కోర్టు తప్పుపట్టింది. అమెరికా లెక్కచేయలేదు. తీర్పు అమలు కోరుతూ భద్రతా మండలిలో తీర్మానం వస్తే వీటో చేసింది. బలవంతుడి ముందు చట్టం నిస్సహాయంగా నిలబడిన సందర్భం అది. దాన్ని దాచి ఈ సౌధాన్ని పొగడడం నాకు ఇష్టం లేదు. అయినా చిన్న దేశం పెద్ద దేశాన్ని పేరు పెట్టి పిలిచి, సమానంగా ఎదుట నిలబడి సమాధానం అడగగలిగే చోటు భూమ్మీద ఇంకెన్ని ఉన్నాయి?

బంగాళాఖాతం మీద బతికే మనకు ఇంకా దగ్గరి కథ ఒకటుంది. 1947లో రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దు సుందరవనాల దగ్గర సముద్రంలో ఎక్కడ కలుస్తుందన్నది భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య తేలని ప్రశ్న. 1970 తుపాను తరవాత తేలి, ఆ తరవాత మునిగిపోయిన న్యూమూర్ దీవి దానికి తోడైంది. బంగ్లాదేశ్ 2009లో సముద్ర చట్టాల ఒప్పందం కింద ఐదుగురు సభ్యుల మధ్యవర్తిత్వ మండలిని ఆశ్రయించింది. వాళ్లలో ఒకరు మన తెలుగువారైన పెమ్మరాజు శ్రీనివాసరావు. మండలి సభ్యులు 2013 అక్టోబరులో స్వయంగా వచ్చి తీరం చూసి వెళ్లారు, డిసెంబరులో ఈ సౌధంలోనే వాదనలు విన్నారు. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్ల సముద్రంలో 19,467 బంగ్లాదేశ్‌కు, మిగిలిన 6,135 భారత్‌కు దక్కాయి. న్యూమూర్ ఉండిన చోటు మన వైపే వచ్చింది. కొన్ని అంశాలతో విభేదిస్తూ శ్రీనివాసరావు తన అభిప్రాయాన్ని విడిగా రాశారు. భారత్ తీర్పును శిరసావహించింది. చిన్న పొరుగు దేశంతో దశాబ్దాల తగాదా ఒక్క తూటా పేలకుండా ముగిసింది. మన దేశం గర్వంగా చెప్పుకోవలసిన సంగతుల్లో దీన్ని చేర్చాలి. కృష్ణా జిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు అయితే హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్‌కు 1999 నుంచి 2002 దాకా అధ్యక్షత వహించారు. సముద్ర న్యాయంలో తెలుగువారి ముద్ర గట్టిదే.

గ్రంథాలయంలోకి వెళితే ఆ సముద్రపు దారి నేరుగా బందరుకు వస్తుంది. కార్నెగీ కోరిన ఈ పుస్తక భాండాగారం అంతర్జాతీయ న్యాయానికి ప్రపంచంలోని అతిపెద్ద నిలయాల్లో ఒకటి. పక్క ఊరు డెల్ఫ్ట్‌లో పుట్టిన హ్యూగో గ్రోషియస్ గ్రంథాల ప్రతులు ఇక్కడ ప్రత్యేక సంపద. జైలు కోటలోంచి పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్న పండితుడాయన. సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదిస్తూ 1609లో ‘మారే లిబెరుమ్’ ప్రచురించారు. అప్పుడే డచ్చి కంపెనీ గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టి, మన నేతగాళ్ల బట్టలను మసాలా దీవులకు చేరవేస్తోంది. తూర్పు సముద్రాల వర్తకమంతా తమదేనన్న పోర్చుగీసుల మాటను కొట్టేయడానికి ఆ కంపెనీకి ఒక న్యాయవాది కావలసి వచ్చింది. తూర్పుదేశాలకు తమ రాజులు, తమ చట్టాలు ఉన్నాయని, దారి కనిపెట్టినంత మాత్రాన అవి పోర్చుగీసుల సొత్తు కావని గ్రోషియస్ రాశారు. అదే కంపెనీ 1621లో బాండా దీవుల జనాన్ని ఊచకోత కోసి జాజికాయ గుత్తాధిపత్యం దక్కించుకుంది. వర్తకుల కోసం పుట్టిన వాదన వర్తకుల చేతుల్లోంచి జారిపోయి అందరి హక్కు కావడానికి మూడున్నర శతాబ్దాలకు పైగా పట్టింది.

ఇప్పుడు ఈ సౌధానికి కొత్త తరం వస్తోంది. సముద్రమట్టం పెరిగి దీవులు మునుగుతుంటే దేశాల బాధ్యత ఏమిటని కోర్టును అడిగించాలని 2019లో పసిఫిక్ దీవుల న్యాయశాస్త్ర విద్యార్థులు కొందరు తలపెట్టారు. వనువాటు అనే చిన్న దేశం ఆ ప్రశ్నను ఐరాస దాకా మోసింది. 2024 డిసెంబరులో 96 దేశాలు ఇక్కడికి వచ్చి తమ మాట చెప్పాయి. 2025 జులై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వాతావరణాన్ని కాపాడడం దేశాలకు చట్టబద్ధమైన బాధ్యతేనని అభిప్రాయం ఇచ్చారు. తరగతి గదిలో మొదలైన ఆలోచన అది.

చూడాలనుకునేవారికి నాలుగు మాటలు. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం నుంచి హేగ్‌కు రైల్లో అరగంటే. ఊళ్లో ఒకటో నంబరు ట్రామ్ సౌధం ఎదుటే ఆగుతుంది. గేటు పక్కన శాంతి జ్యోతి, దాని చుట్టూ 196 దేశాల నుంచి తెచ్చిన రాళ్లు ఉంటాయి. సందర్శకుల కేంద్రంలోకి ప్రవేశం ఉచితం. భవనం లోపలికి మాత్రం కోర్టు పనిలేని కొన్ని రోజుల్లోనే, గైడుతో, ముందుగా బుక్ చేసుకుంటేనే వెళ్లనిస్తారు. గుర్తింపు పత్రం తప్పనిసరి. ఇదే ప్రాంగణంలో 1923 నుంచి నడుస్తున్న హేగ్ అకాడమీ ఏటా వేసవిలో అంతర్జాతీయ న్యాయం మీద కోర్సులు పెడుతుంది, ఉపకారవేతనాలూ ఇస్తుంది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో లా చదువుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి. అంత దూరం పోలేనివారికి కోర్టు విచారణలు ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతాయి, అవి చూడడానికి రుసుమేమీ లేదు.