ఇంటి నాయిన – తెర నాన్న

తెలుగు పలికిన తొలి చలనచిత్రము 'భక్త ప్రహ్లాద' (1932) తండ్రీకొడుకుల వైరమునే కథగా గ్రహించినది. ఆ కథను తెలుగువారి యింటింటికి చేర్చినవాడు పోతన; ఆయన పేరుతో ముడివడిన బమ్మెర నేటి జనగామ జిల్లాలో పాలకుర్తికి చేరువ నున్నది. (ఒంటిమిట్ట వాద మిచట అప్రస్తుతము.) హిరణ్యకశిపుడు కేవలము క్రూరుడు గాడు. కుమారుని గురువుల కప్పగించి, తిరిగి వచ్చినపుడు చేరదీసి, నేర్చిన దేమని ముచ్చటగా అడిగిన తండ్రి. తన వలెనే కొడుకును ఉండవలె ననుకొనుటలోనే అతని పతనమున్నది. 1967 నాటి చిత్రమున ఎస్.వి. రంగారావు ఆ మురిపెమును, ఆ క్రోధమును రెంటిని చూపినందుననే ఆ పాత్ర నేటికిని నిలిచినది.

ఇండ్లలోని తండ్రి యింతగా మాటాడడు. ఈ ప్రాంతమున అతడు 'నాయిన', 'అయ్య'. కాటారము, మహదేవపురముల వైపు 'బాపు'. 'నాన్న', 'డాడీ' అను పిలుపులు బడి ద్వారమునను, తెర ద్వారమునను వచ్చినవి. పిల్లల కోరిక తల్లి నోట తండ్రికి చేరును. తండ్రి సమాధానమును ఆమె నోటనే వెలువడును. మహబూబాబాదు పల్లెలలోని రైతు కేసముద్రము మార్కెటులో ధాన్యమమ్మి కొడుకు ఫీజు కట్టును గాని, ప్రేమ యను మాట యెత్తడు. బతుకమ్మ పండుగకు కూతును తోడ్కొని వచ్చుటకై అత్తవారి గడప యెక్కుటయే అతడు పలుకగల పెద్ద మాట.

భూపాలపల్లిలో ఈ మౌనమునకు మరియొక రూపము గలదు. సింగరేణి గనిలో పనిచేయు తండ్రి ఉద్యోగము కొడుకునకు సంక్రమించుట అచటి కుటుంబముల చిరకాలపు ఆశ. వారసత్వ నియామకముల పథకమును 2017లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. తరువాత కారుణ్య నియామకముల పద్ధతి వచ్చినది. తండ్రి మరణించినను, వైద్యులచే 'అన్‌ఫిట్' అని నిర్ణయింపబడినను కొడుకునకు దారి యేర్పడును. తండ్రి దేహము చెడుటయే కుమారుని జీవిక కాధారమగు నింటిలో ఆ వార్త దుఃఖమో ఊరటయో చెప్పుట కష్టము. ఇంతటి నాటకీయత గల విషయము మన చిత్రములకు ముఖ్యవస్తువు కాకపోవుట మాకు వింతగా తోచుచున్నది. బొగ్గుగనుల నేపథ్యము గల 'దసరా' (2023) సైతము స్నేహము, పగ అను వానివైపే మరలినది.

'బొమ్మరిల్లు' (2006)లో తండ్రి దోషము ప్రేమలేమి కాదు. ప్రతి చిన్న విషయమును తానే నిర్ణయించుట. చివర కొడుకు నోరు విప్పి తన మనసంతయు చెప్పును. ప్రేక్షకులు ఆ ఘట్టమును మెచ్చినది తమ యిండ్లలో అట్టి సంభాషణ జరుగదు గనుకనే యని మా యభిప్రాయము. 'బలగం' (2023) ఇందుకు భిన్నము. అందు కొమురయ్య మొదటనే మరణించును. పిండమును ముట్టని కాకి అతని అసంతృప్తిని తెలుపును. బ్రతికినన్నాళ్లు వినిపింపని తండ్రి మాట చచ్చిన పిమ్మట పక్షి ద్వారా వినవచ్చుట! ఊళ్లలో తెరలు కట్టి జనులు గుంపులుగా ఆ చిత్రమును చూచుట మనము కన్నదే.

పరిశోధక విద్యార్థులు గమనింపదగిన దొకటి గలదు. 'మాభూమి' (1979)లో ఊరు విడిచిన కొడుకు రామయ్యగా నటించిన సాయిచందే, ఓరుగల్లు సీమ కథయగు 'విరాటపర్వం' (2022)లో, ఇల్లు విడిచి అడవిదారి పట్టిన వెన్నెలకు తండ్రి.