గోకార్టు చక్రముల కొలత

గోకార్టును తొలిసారి సమీపమునుండి చూచువారి దృష్టి నాకర్షించునది దాని ఇంజను గాదు, దాని ఆసనమును గాదు. నేలను దాదాపు రాచుకొనుచు పోవు ఉక్కుగొట్టముల చట్రమును మోయుచున్న, మోకాలి ఎత్తుకైనను రాని ఆ నాలుగు చక్రములు. పందెపు కార్టులలో అధికభాగమునకు ముందు టైరు వ్యాసము 10 అంగుళములు, వెనుక టైరు వ్యాసము 11 అంగుళములు. ముందు టైరు వెడల్పు నాలుగున్నర అంగుళములు కాగా వెనుకది ఏడంగుళములు దాటును. నాలుగింటికిని రిమ్ము వ్యాసము 5 అంగుళములే. ఇంత పొట్టి చక్రముల కొలతలో అర అంగుళము హెచ్చినను తగ్గినను ఏమగునని పామరునకు తోచుట సహజము. కాని కార్టు విషయమున అర అంగుళము మాట యటుండగా, రెండు మూడు మిల్లీమీటర్ల భేదమే బండి నడవడిని మార్చివేయును.

దీనికి కారణము కార్టు పుట్టుకలోనే యున్నది. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పందెపు కార్లను నిర్మించు కర్టిస్ క్రాఫ్ట్ సంస్థలో పనిచేయుచుండిన ఆర్ట్ ఇంగెల్స్ తన మిత్రుడు లూ బొరెల్లితో కలిసి, పచ్చిక కోయు యంత్రమున కుపయోగించు చిన్న ఇంజనును కొన్ని గొట్టముల చట్రమునకు బిగించి తొలి కార్టును నడిపెను. ఆ నాటి నిరాడంబరత నేటికిని కార్టును విడువలేదు. మోటారుకారున చక్రమునకు సహాయముగా మూడు యంత్రాంగములుండును: గతుకులను మ్రింగు సస్పెన్షను, మలుపులో కుడి యెడమ చక్రములను వేర్వేరు వేగములతో తిరుగనిచ్చు డిఫరెన్షియల్, వేగమునకు తగినట్లు ఇంజను బలమును సర్దు గేరుపెట్టె. కార్టులో మొదటి రెండును బొత్తిగా లేవు. మూడవది పెక్కు తరగతుల కార్టులలో లేదు. కావున కారులో ముగ్గురు పంచుకొను చాకిరి యంతయు ఇచట చట్రముమీదను చక్రముమీదను పడినది. ఇక్కడ చక్రము కొలత మార్చుట యనగా గేరును, స్ప్రింగును, మలుపు తిరుగు తీరును ఒక్కసారిగా మార్చుటయే.

ముందుగా గేరు సంగతి లెక్క వేసి చూతము. 11 అంగుళముల టైరు చుట్టుకొలత సుమారు 88 సెంటీమీటర్లు. ఇంజను నిమిషమునకు 12,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఇంజనువైపు స్ప్రాకెట్టునకు (గొలుసు తగులు పళ్లచక్రమునకు) 12 పళ్లును, ఇరుసునకు బిగించిన స్ప్రాకెట్టునకు 80 పళ్లును ఉన్నచో ఇరుసు నిమిషమునకు 1,800 చుట్లు తిరుగును. బండి గంటకు 95 కిలోమీటర్ల వేగముతో పోవును. తక్కిన వేవియు మార్చక 12 అంగుళముల టైర్లు తొడిగినచో, అన్ని చుట్లకే వేగము 103 కిలోమీటర్లగును. లాభము తేటగానే కనబడుచున్నది. నష్టము మాత్రము దాగియున్నది. ఇరుసును మెలిద్రిప్పు బలము పెరుగలేదు గదా. ఆ బలము నేలను చేరవలసిన దూరము ఐదున్నర అంగుళములనుండి ఆరంగుళములకు పెరిగినది. కనుక నేలను వెనుకకు నెట్టు శక్తిలో పండ్రెండవ వంతు తగ్గిపోయినది. మలుపునుండి బయటపడి మరల వేగము పుంజుకొనవలసినప్పుడు కార్టు బద్ధకించును. తిన్నని దారి ముగియు లోపల ఇంజను ఆ 12,000 చుట్లను అందుకొనలేకయే పోవచ్చును. చిన్న టైరున దీనికి విపర్యయము: మలుపునుండి ఉరుకును గాని తిన్నని దారి సగమునందే ఇంజను తన పరిమితిని ముట్టి, అటుపై బొబ్బలు పెట్టుటయే గాని వేగము పెరుగదు.

ఇందొక సూక్ష్మమును గమనింపవలెను. వెనుక స్ప్రాకెట్టుకు 80 పళ్లున్నచో ఒక్క పన్ను మార్చుటయు, చుట్టుకొలతలో 11 మిల్లీమీటర్లు మారుటయు దాదాపు సమానము. టైరు తొడుగు 1.75 మిల్లీమీటర్లు అరిగినచో చుట్టుకొలత సరిగా అంతే తగ్గును. అనగా క్రొత్త టైరు అరుగుచున్నకొలది, ఎవరును చేయి పెట్టకయే, కార్టు గేరు తనంత తాను మారుచున్నదన్నమాట. అందుచేతనే పందెమునకు ముందు మెకానిక్కు టైరులో గాలి కొట్టి, గేజి చూచుచు, వాల్వును గోటితో నొక్కి కొంచెము కొంచెముగా వదలి పది పౌండ్ల దగ్గర నిలిపి, పిదప సన్నని టేపును తొడుగు నడుమగా చుట్టి, రెండు కొసలు కలిసిన చోట మిల్లీమీటర్లు చదివి, ఆ అంకెను టైరు ప్రక్కగోడపై సుద్దతో వ్రాయును. ఒకదానిపై 877, ఇంకొకదానిపై 881 కనబడెనా, ఆ రెంటిని ఒకే ఇరుసునకు తొడుగుటకు అతడిష్టపడడు. పరుగులో టైరు వేడెక్కి లోపలి గాలి పౌండ్లు పెరిగినప్పుడు చుట్టుకొలతయు కొంత పెరుగునని యెరిగినవాడు గనుక, ఆ పెరుగుదలను గూడ ముందే లెక్కలో వేసికొనును.

ఆ నాలుగు మిల్లీమీటర్లకై అంత పట్టుదల యేల? మలుపును గూర్చి తెలిసినగాని ఇది బోధపడదు. కార్టు రహస్యమంతయు మలుపులోనే యున్నదని నా దృఢాభిప్రాయము. మన ఎడ్లబండిలో ఇరుసు కదలదు. దానిపై చక్రములు దేనికది తిరుగును. సందు మొగలో బండి మళ్లునప్పుడు లోపలి చక్రము దాదాపు నిలిచిపోయినను వెలుపలి చక్రము తన దారిని తాను చుట్టివచ్చును. కార్టులో అట్లు గాదు. రెండు వెనుక చక్రములును ఒకే ఇరుసునకు బిగింపబడి దానితోపాటు తిరుగును. ఒకటి ఎన్ని చుట్లు తిరిగిన రెండవదియు అన్ని చుట్లే తిరుగవలెను. ఈ రెంటి నడుమ దూరము 1.2 మీటర్లనుకొన్నచో, వెనుదిరుగు మలుపులో వెలుపలి చక్రము లోపలిదానికంటె 3.77 మీటర్లు అధికముగా నడువవలసియుండును. మలుపు పెద్దదైనను చిన్నదైనను ఈ భేదము మారదు. సమానమైన చుట్లతో అసమానమైన దూరములు నడచుట యెట్లు? ఏదో యొక టైరు నేలపై ఈడ్వబడవలెను, లేదా లోపలి చక్రము నేలను విడిచి పైకి లేవవలెను.

కార్టు నిర్మాతలు ఎన్నుకొన్నది ఈ రెండవ మార్గమును. ముందు చక్రములు తిరుగు కీలకములు ఏటవాలుగా నిలుపబడియుండుటచేత, స్టీరింగు త్రిప్పగానే లోపలివైపు ముందు చక్రము క్రిందికి దిగి నేలను అదిమిపట్టును, చట్రము మెలిపడును, దాని వెనుకనే యున్న లోపలివైపు వెనుక చక్రము బరువు కోల్పోయి నేలనుండి రవంత లేచును. మలుపు నడుమ ఆ చక్రము గాలిలో తేలుచు తిరుగుటను గట్టుపై నిలిచినవారు కన్నులార చూడవచ్చును. చక్రము పెద్దదైనచో ఈ సున్నితమైన కార్యము చెదరును. నాలుగు టైర్ల వ్యాసమును అంగుళము చొప్పున పెంచినచో బండి యంతయు, నడుపువానితో సహా, అర అంగుళము పైకి లేచును. గురుత్వకేంద్రపు ఎత్తు పెరిగినకొలది మలుపులో బరువు వెలుపలి చక్రములమీదికి హెచ్చుగా మ్రొగ్గును. లోపలి చక్రము త్వరగా లేచి ఆలస్యముగా దిగును. వెలుపలి టైరు ఒక్కటే బరువు నంతయు మోయుచు, పట్టు మితిమీరిన చోట బండి కుప్పిగంతులు వేయును. మిక్కిలి చిన్నదైనచో లోపలి చక్రము లేవనే లేవదు; కార్టు ముక్కు త్రిప్పక తిన్నగా నెట్టుకొనిపోవును, ఇంజను మూలుగును. ఇరుసు బేరింగులను పైకో క్రిందికో జరిపి చట్రపు ఎత్తును కొంతవరకు సరిదిద్దవచ్చును గాని, ముందు చక్రముల వ్యాసార్ధము మారినప్పుడు స్టీరింగు బరువును మారును. దానిని ఆ ఉపాయముతో మాన్పలేము.

అమెరికాలోని అండాకారపు ట్రాకులపై ఎల్లప్పుడును ఎడమకే మళ్లు కార్టులలో కుడి యెడమ టైర్ల కొలతలలోని భేదమను లోపమునే గుణముగా మలచుకొన్నారు. కుడివైపు వెనుక టైరును ఎడమదానికంటె పెద్దదిగా వేసినచో, ఇరుసు బిగువుగానున్నను బండి తనంత తానే ఎడమకు మళ్లుచు నడచును. 30 మీటర్ల వ్యాసార్ధముగల మలుపునకు లెక్క ప్రకారము చుట్టుకొలతలలో సుమారు 36 మిల్లీమీటర్ల భేదము కావలెను. రైలుపెట్టె చక్రముల అంచులు ఏటవాలుగా నుండుటకును మూలసూత్రమిదియే. కుడి యెడమల మలుపులున్న దారిలో మాత్రము ఈ భేదము శత్రువు. మెకానిక్కు సుద్దతో అంకెలు వ్రాసికొనుట అందులకే.

ఇక బరువు మాట. చక్రపు అంచున చేరిన ప్రతి గ్రామును, బండితో ముందుకు సాగుటయేగాక గిరగిర తిరుగవలసియుండుటచేత, వేగము పెంచునప్పుడు రెండు గ్రాములంత భారమగును. పెద్ద చక్రము బ్రేకునకును ఇంజనునకును ఏకకాలమున బరువే.

రిమ్మును గూర్చియు వెడల్పును గూర్చియు కొంత చెప్పవలెను. సస్పెన్షను లేని కార్టులో రిమ్ముకును నేలకును నడుమనున్న రెండున్నర, మూడంగుళముల రబ్బరుగోడయే స్ప్రింగు. గంటకు 240 కిలోమీటర్లు దాటి పోవు 250 సి.సి. సూపర్‌కార్టులకు 6 అంగుళముల రిమ్ములు వాడుదురు. రిమ్ము పెరిగినకొలది ఆ గోడ పొట్టిదై బిరుసెక్కును. అదే టైరును వెడల్పైన రిమ్ముపై ఎక్కించినచో గోడలు చాపబడి తొడుగు చదునై నేలను నిండుగా పట్టును. ఇరుకైన రిమ్ముపై నడుమ ఉబ్బి అంచులు తేలును. వర్షము కురిసిననాడు మాత్రము ఇరుకుదనమే మేలు. వెనుకకు గాడులుగల సన్నని టైర్లు, వానికి తగిన ఇరుకు రిమ్ములు తొడుగుదురు. అదే బరువు తక్కువ వెడల్పుపై పడి, నీటి పొరను చీల్చి రబ్బరు నేలను తాకును.

మట్టిదారులలో తిరుగు కార్టులకు పెద్ద చక్రములే ఉచితము. గుంట వెడల్పునకంటె చక్రము చాల పెద్దదైనప్పుడే అది దానిలో దిగబడక దాటగలదు.

మన తెలుగు రాష్ట్రముల ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు తమ చేతులతో కార్టులు నిర్మించి పోటీలకు కొనిపోవుచున్నారు. వారికి నేను మనఃపూర్వకముగా చెప్పునది ఒకటి: టైరు నెన్నుకొన్న పిమ్మటనే చట్రమును గీయుడు, స్ప్రాకెట్టును కొనుడు. డబ్బాపై ముద్రించిన వ్యాసమును నమ్మి లెక్క కట్టవలదు. టైర్లలో పందెమునకు తగినంత గాలి నింపి, నడుపువానిని ఆసనమున కూర్చుండబెట్టి, వెనుక టైరుపై ఒకచోటను, దానికి సూటిగా నేలపైనను సుద్దగీత గీచి, ఆ గీత మరల నేలను తాకువరకు బండిని మెల్లగా నెట్టి, రెండు గుర్తుల నడుమ దూరమును కొలువుడు. బరువుకు టైరు అణగును గనుక ఈ దూరము టేపు చుట్టి చదివినదానికంటె తక్కువగా వచ్చును. స్ప్రాకెట్టు పళ్లను నిర్ణయించుటకు వాడవలసినది ఈ తక్కువ అంకెనే.