రబ్బరు మొక్కను పారేయకండి

మన స్టడీ హాలులోని రబ్బరు మొక్క ఆకులు రాలుస్తోంది. "చచ్చిపోయింది, తీసి పారేద్దాం" అని కొందరంటున్నారు. నేను కాండాన్ని గోటితో కొంచెం గీకి చూశాను. లోపల పచ్చగానే ఉంది, పాలు కూడా వచ్చాయి. అంటే బతికే ఉంది.

ఇది మన మర్రి, రావి, మేడి చెట్లకు చుట్టమే. అన్నీ ఫైకస్ జాతివే. మేఘాలయలో ఖాసీ గిరిజనులు ఈ చెట్టు ఊడలనే వాగుల మీదుగా పెంచి వంతెనలు చేసుకున్నారు. అంత గట్టి చెట్టు కుండీలో ఎందుకు నీరసపడింది?

కారణాలు రెండు. వరండాలోంచి చీకటి మూలకు మారిస్తే వెలుతురు చాలక ఆకులు రాలుస్తుంది. ఇక ఒకరు పోశారని తెలియక ఇంకొకరు నీళ్లు పోస్తున్నారు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలందక కుళ్లిపోతాయి.

ఏం చేయాలంటే, కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని చోట పెట్టి, మళ్లీ కదపొద్దు. వేలు రెండు గణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడాలి. పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. కుండీ అడుగు చిల్లు మూసుకుపోకూడదు. వారానికోసారి తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడవాలి. పాలు తగిలితే దురద పెడుతుంది, కళ్లు జాగ్రత్త.

వార్డెన్ గారికి మనవి: నీళ్ల పని ఒక్కరికే అప్పగించండి. సెలవుల్లో కూడా ఎవరో ఒకరు మట్టి చూసి పోసేలా చెప్పండి. కొత్త ఆకు ఎర్రటి తొడుగులో వస్తుంది. అది కనబడితే మొక్క తేరుకున్నట్టే.