సున్నపు బట్టీలో మోల్ లెక్క

డోన్ నుంచి బేతంచెర్లకు పోయేవారికి నాపరాతి బండల దొంతరలు కొత్త కావు. మన ఇళ్ళలో నేలకు పరచినదీ, గోడకు పూసిన సున్నానికి మూలమైనదీ ఒకే జాతి రాయి. ఇంటిలో చూనా అన్నా, సున్నం అన్నా దాని కథ కాల్షియం కార్బొనేట్‌తోనే ఆరంభమవుతుంది. రసాయన గణనలంటే బెదరిపోయే విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ లేదని భావించి, దీనితోనే మోల్ భావనను వివరింప బూనుకొన్నాము.

డజను అంటే పన్నెండు అయినట్లే, మోల్ అంటే 6.022×10²³ కణాలు. పాత పుస్తకాలలో దీనిని 12 గ్రాముల కార్బన్-12 ఆధారంగా నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి సంఖ్యనే స్థిరపరచి నిర్వచిస్తున్నారు. అవొగాడ్రో 1811లో ప్రతిపాదించినది వాయువుల ఘనపరిమాణాలను గురించిన సూత్రం మాత్రమే. ఈ సంఖ్యను ఆయన లెక్కకట్టలేదు. గౌరవసూచకంగా పిమ్మట ఆయన పేరు పెట్టారు.

కణాలను ఎంచలేము కనుక తూచుతాము. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్ పరమాణువులు 48, వెరసి 100. అనగా శుద్ధమైన సున్నపురాయి 100 గ్రాములు ఒక మోల్. బట్టీలో అది సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి విడిపోగా, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి, 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది. టన్ను రాయికి 560 కిలోలన్నమాట. అయితే రాతిలో సిలికా, బంకమన్ను కలిసి ఉంటాయి. శుద్ధత నూటికి 80 పాళ్ళే అనుకొంటే లభించే సున్నం 448 కిలోలకు దిగిపోతుంది.

ఇంతవరకు తడబడేవారు తక్కువ. రెండు క్రియాజనకాలు కలిసినప్పుడే అసలు చిక్కు. 560 కిలోల పొడి సున్నంపై 90 లీటర్ల నీరు పోశామనుకొందాం. తడి సున్నం ఎంత వస్తుంది? రెండూ కూడి 650 కిలోలని వ్రాసేవారే ఎక్కువ. ఒక మోల్ సున్నానికి ఒక మోల్ నీరు కావాలి. 560ను 56తో భాగిస్తే 10 కిలోమోల్‌లు. 90ని 18తో భాగిస్తే 5 మాత్రమే. నీరు ముందుగా అయిపోతుంది కనుక అదే పరిమిత క్రియాజనకం. ఏర్పడే తడి సున్నం 370 కిలోలు. 280 కిలోల పొడి సున్నం అట్లే మిగిలిపోతుంది. విచిత్రమేమంటే ఈ రెండింటి మొత్తం కూడా 650 కిలోలే! త్రాసు ఈ పొరపాటును పట్టి ఇవ్వదు.

గోడ పట్టి ఇస్తుంది. చల్లారని సున్నపు పలుకులు పూతలో చేరితే, కాలక్రమాన తేమ పీల్చి దాదాపు రెట్టింపు ఉబ్బుతాయి. పూత పొక్కులు లేచి రాలిపోతుంది. మేస్త్రీలు సున్నాన్ని గుంటలలో రోజుల తరబడి నానబెట్టడం ఇందుకే. పైగా చల్లారే వేడికి కొంత నీరు ఆవిరైపోతుంది కనుక లెక్కకు మించి పోయక తప్పదు.

బరువు తక్కువైనదే పరిమిత క్రియాజనకమని భ్రమపడరాదు. అదే సున్నంపై 200 లీటర్లు పోస్తే, ఆవిరిని లెక్కలోకి తీసుకోకుంటే, నీరు 11.1 కిలోమోల్‌లు. బరువులో తక్కువైనా నీరే 20 లీటర్లు మిగులుతుంది. సున్నమే పూర్తిగా ఖర్చవుతుంది.

గోడకెక్కిన ప్రతి 74 గ్రాముల తడి సున్నం మెల్లమెల్లగా గాలి నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి, తిరిగి 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. ఆ చర్యలో 18 గ్రాముల నీరు వెలువడుతుంది.