పొడిబారిన ముఖచర్మము – దాని సంరక్షణము

పైరునకు చీడ తగిలెనని యనుమానము కలిగినంతనే రైతు ఆకు త్రిప్పి చూచును. ఎద్దు మేత మానినచో ఆ పూటనే పశువైద్యునికి కబురంపును. తన ముఖచర్మము బిగిసి, పొలుసులు రాలి, సబ్బు తగిలినప్పుడెల్ల మండుచున్నను మాత్రము ‘చలికాలమున నిట్లే యుండును’ అని యూరకుండును. స్త్రీలు ఈ బాధను మరింత గుట్టుగా భరింతురు. లేదా అంగడిలో నెవరో చెప్పిన పూతమందు నొకదానిని కొని తెచ్చుకొందురు. ఉపేక్షవలన బాధ పెరుగును. తెలియని మందువలన నొక్కొక్కప్పుడు ముఖమే చెడును. ఈ విషయమున రైతు కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు కొలదియే. వానిని ఆచరించుటకగు వ్యయమును స్వల్పమే. కావున నీ నెల పత్రికయందు వానిని క్రమముగా వివరించుచున్నాము.

చర్మము పనిచేయు విధము

చర్మముయొక్క వెలుపలి పొర యొక గోడవంటిది. మృతకణములు ఇటుకలు, వాని సందులలో నుండు కొవ్వుపదార్థములు ఇటుకలను పట్టియుంచు సున్నము. ముఖముపై నీ గోడ మందము మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు ఏబదవ వంతు వరకు మాత్రమే యుండును. సున్నము గట్టిగా నున్నంతకాలము లోపలి తేమ వెలుపలికి పోదు; వెలుపలి దుమ్ము, కారము, క్షారము లోనికి రావు. అది రాలిపోయినచో రెండు దోషములును ఒక్కసారియే కలుగును. తేమ యావిరియై పోవుటచే చర్మము పొడిబారును. పరపదార్థములు లోనికి చొచ్చుటచే మండును. కావున పొడిదనము వేరు, మంట వేరు అని యెంచరాదు. గోడను బాగుచేసినచో రెండును తగ్గును.

మరియొక సంగతి గలదు. ఆరోగ్యవంతమైన చర్మము కొంచెము పులుపు గుణము కలిగియుండునని 1928వ సంవత్సరమున జర్మనీ దేశపు వైద్యులగు షాడే, మార్కియోనీని యనువారు ప్రకటించిరి. మన భూసార పరీక్షా పత్రములలో ఉదజని సూచిక, అనగా ‘పి.హెచ్.’ అను గడిని రైతులందరు చూచియే యుందురు. ఆ కొలతలో శుద్ధజలము 7. చర్మము సుమారు 5. సాధారణమైన స్నానపు సబ్బు 9 మొదలు 10 వరకు. క్షారము హెచ్చి చౌడుబారిన నేలలో పైరు నిలువజాలనట్లే, దినమునకు మూడు నాలుగు సార్లు సబ్బు తగిలిన ముఖముపై కొవ్వుపొర నిలువజాలదు. మార్గశిర పుష్య మాసములలోని పొడిగాలియు, వయస్సు మీరినవారిలో తైలగ్రంథులు మందగించుటయు ఈ కొరతను మరింత పెంచును.

కడుగు విధము

ఉదయమున ముఖమును ఒట్టి నీటితో కడిగిన చాలును. సాయంకాలము పొలమునుండి వచ్చిన తరువాత నొక్కసారి మాత్రము సబ్బువంటి పదార్థమును వాడవచ్చును. నీరు గోరువెచ్చగా నుండవలెను. వేడినీరు చర్మములోని కొవ్వును కరగించి కొనిపోవును. పరిమళము లేనిదియు, క్షారము కానిదియునగు శోధకద్రవము మంచిది. ఇట్టివి నేడు మందుల అంగళ్లలో దొరకుచున్నవి. సబ్బు పొట్లముపై వ్రాసియుండు ‘టి.ఎఫ్.ఎమ్.’ అను సంఖ్య హెచ్చుగా నున్నచో నా సబ్బు మృదువైనదని పలువురు తలంతురు. ఆ సంఖ్య సబ్బులోని కొవ్వు పాలును మాత్రమే తెలుపును. అది యెంత హెచ్చుగా నున్నను సబ్బు సబ్బే, క్షారము క్షారమే.

సున్నిపిండి, శనగపిండి మన పూర్వాచారములు. వానియందు సబ్బునకున్న క్షారము లేదు. అయినను పొడిబారిన ముఖముపై వానిని రుద్ది నలిచినచో మిగిలిన పొరయు లేచిపోవును. వాడగోరువారు సన్నని గుడ్డలో జల్లించి, పలుచగా కలిపి, ఆరనీయక, రుద్దక కడుగవలెను. నిమ్మరసము ముఖమునకు రాయరాదు. అది తీవ్రమైన ఆమ్లము. దానిపై ఎండ తగిలినచో బొబ్బలును, నల్లమచ్చలును కలుగవచ్చును. పసుపు పలువురికి హితమే గాని, పడనివారును కలరు. మంట పుట్టినచో ఆచారమను పేర దానిని విడువకుండుట తగదు. కడిగిన పిమ్మట మెత్తని నూలుగుడ్డతో నొత్తుకొనవలెనే గాని తుడిచి రుద్దరాదు.

పూత పూయు విధము

ఈ పనికి సమయము ముఖ్యము. వాన వెలిసిన తరువాత నేల పదునుగా నున్నప్పుడే విత్తుదుము గదా! అట్లే ముఖము ఇంకను తడిగా నున్నప్పుడే, అనగా రెండు మూడు నిమిషముల లోపుననే, పూత పూయవలెను. ఆరిన ముఖముపై పూసిన పూత, ఆరిన నేలపై కప్పిన ఆకువలె, లేని తేమను నిలుపజాలదు.

పూతలు రెండు జాతులు. తేమను పట్టి యుంచునవి కొన్ని. అందు గ్లిసరిన్ ప్రసిద్ధము. ఆవిరి పోకుండ కప్పి యుంచునవి మరికొన్ని. అందు పెట్రోలియం జెల్లీ మిక్కిలి సమర్థము. రాబర్ట్ చీజ్‌బ్రో అను నతడు దీనికి 1872లో అమెరికాలో హక్కుపత్రమును పొందెను. నాటినుండి ఎన్నియో క్రొత్త పూతలు వచ్చినను, తేమను ఆపు శక్తియందు దీనిని మించినవి అరుదు. గ్లిసరిన్‌ను నేరుగా పూయక, ఒక వంతునకు మూడు వంతులు కాచి చల్లార్చిన నీటిని చేర్చి, ఏనాటి కానాడు కలుపుకొనవలెను. దానిని పలుచగా రాసి, దానిపై శనగగింజంత జెల్లీని ముఖమంతట అద్దవలెను. జిడ్డునకు దుమ్ము అంటును గావున జెల్లీని రాత్రివేళ వాడుట మేలు. పగటివేళకు పరిమళము లేని పలుచని లేపనము చాలును.

కొబ్బరినూనెను గూర్చి పలువురు అడుగుదురు. ఫిలిప్పీన్ దేశమున పొడిచర్మము గలవారిపై చేసిన యొక పరిశోధన 2004లో ప్రకటింపబడినది. అందు కొబ్బరినూనె మేలు చేసినట్లు తేలినది. కావున మొటిమలు లేనివారు దీనిని నిశ్చింతగా వాడవచ్చును. మొటిమలు వచ్చువారికి తగదు. ఆవనూనె మంట పుట్టించును గావున సున్నితమైన ముఖమునకు పనికిరాదు.

క్రొత్త విత్తనమును రైతు ముందుగా నొక మడిలో వేసి చూచునే గాని, పొలమంతట చల్లడు. ఏ క్రొత్త పూతనైనను అట్లే మోచేతి లోపలి వైపున ఉదయ సాయంకాలములు ఏడు దినములు రాసి చూడవలెను. దద్దురు, దురద లేనిచో ముఖమునకు వాడవలెను. రెండు క్రొత్త వస్తువులను ఒక్కసారి మొదలిడరాదు; ఏలయన, చెడు కలిగినప్పుడు దోషము దేనిదో తెలియదు. చర్మపు పైపొర మారుటకు సుమారు నాలుగు వారములు పట్టును. కావున నాలుగు దినములకే ఫలము లేదని విడువరాదు.

ఎండయు, పొలమునందలి శత్రువులును

పది గంటలనుండి నాలుగు గంటలవరకు ఎండ తీవ్రము. తలపాగ నెత్తిని కాపాడును గాని ముక్కును, చెక్కిళ్లను కాపాడదు. నలువైపుల వెడల్పైన అంచు గల టోపి మేలు. ఎండపూతలలో జింక్ ఆక్సైడు గలవి సున్నితచర్మమునకు తక్కువగా మండును. చెమటకు కొట్టుకొనిపోవును గావున వానిని రెండు గంటల కొకసారి మరల పూయవలెను.

గట్లవెంట పెరుగు వయ్యారిభామ మొక్కను ఎరుగని రైతు లేడు. 1956లో పూనా నగరమున గుర్తింపబడిన ఈ కలుపు నేడు దేశమంతట వ్యాపించినది. దీని ధూళియు, ఎండిన రేణువులును గాలిలో వచ్చి కనురెప్పలపై, మెడపై, మోచేతి మడతలలో దురదయు రసియు పుట్టించును. మొదట కలుపు పెరుగు ఋతువులోనే బాధించి, క్రమముగా ఏడాది పొడుగున బాధించును. చలివలన ముఖము పగిలినదని తలంచువారిలో కొందరికి నిజమైన హేతువు ఇదియే. ఒకసారి పడకుండ పోయినవారికి ఆ గుణము సామాన్యముగా పోదు. కొందరికి పొలమునకు పోవుటయే కష్టమగును. అట్టివారు ఈ మొక్కను తాకరాదు. తక్కినవారు పూతకు రాకముందే చేతొడుగులు ధరించి పెరికివేయవలెను.

మిరపకాయలు కోయువారును, తొడిమలు తీయువారును ఆ చేతులతో ముఖము తాకరాదు. మిరపలోని కారము నీటిలో కరగదు, నూనెలో కరగును. కావున ముందుగా నూనె రాసి తుడిచి, పిదప సబ్బుతో కడుగుకొనవలెను. పురుగుమందు చల్లునప్పుడు చెమటను చొక్కా చేతితో తుడుచుకొనుట ప్రమాదము. మందు ముఖముపై పడినచో తక్షణమే సమృద్ధిగా నీటితోను సబ్బుతోను కడుగవలెను. అట్టి సమయమున చర్మము పొడిబారునని సబ్బునకు వెనుదీయరాదు.

తెల్లదనపు మందుల మోసము

సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన భాగమిది. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అనునవి స్టిరాయిడ్ మందులు. వైద్యుని చేతిలో నివి యుపకారులు. కాని తెల్లదనమునకని, మొటిమలకని, దురదకని వీనిని తెలియక నెలల తరబడి ముఖమునకు రాయువారు కలరు. మొదటి రెండు వారములు ఎరుపు తగ్గును, దురద పోవును, రంగు తేరినట్లు కనబడును. తరువాత చర్మము పలుచనగును. రక్తనాళములు పైకి తేలును. మొటిమలును, వెంట్రుకలును మొలచును. మాని చూచినచో మునుపటికంటె నెక్కువగా మండును గావున మరల దానినే రాయుదురు. వడ్డీవ్యాపారి అప్పువంటిది ఈ మందు. తీసికొన్ననాడు సుఖము, తీర్చబోయిననాడు చక్రవడ్డీ.

ఈ చెరుపు దేశములో నెంత విస్తరించినదో చూపు పరిశీలనను మన చర్మవైద్యులు 2011లో ప్రకటించిరి. 2018 మార్చి నెలలో కేంద్రప్రభుత్వము 14 స్టిరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే యమ్మరాని మందుల పట్టీలో చేర్చినది. అయినను చీటీ లేని అమ్మకము పూర్తిగా నిలువలేదు. కావున కొనువారే గొట్టముపై నామములను చదివి చూచుకొనవలెను. ఇదివరకే వాడుచున్నవారు తమంతట తాము ఒక్కసారి మానక వైద్యుని సలహాపై క్రమముగా విడువవలెను. ఇక తయారుచేసినవారి పేరును, లైసెన్సు సంఖ్యయు లేని తెల్లదనపు లేపనములలో పాదరసము ఉండుటయు కద్దు. అది మూత్రపిండములను చెరచును. 2020 నాటి సౌందర్యద్రవ్యముల నిబంధనలు ముఖలేపనములలో పాదరసమును పదిలక్షల వంతులలో ఒక వంతునకు మించనీయవు. వివాహమునకు ముందు ఆడపిల్లలకు ఇట్టి పూతలు పూయించుట వారికి మేలు కాదు.

వైద్యునికి చూపవలసిన గుర్తులు

పొడిదనమంతయు వాతావరణమువలననే కలుగదు. ఎండ తగులు చోట్ల, ముఖ్యముగా మెడచుట్టు హారమువలె, చర్మము నల్లబడి పొలుసులు రాలినచో అది పెల్లాగ్రా యను పోషకలోపము కావచ్చును. స్పెయిన్ దేశపు వైద్యుడు కాసాల్ 1735లోనే దీనిని గుర్తించెను. హైదరాబాదు ప్రాంతమున జొన్నయే ముఖ్యాహారముగా గల బీదలలో నీ వ్యాధి కనబడుచుండగా, గోపాలన్, శ్రీకాంతియా యను శాస్త్రజ్ఞులు జొన్నలోని ‘లూసిన్’ అను పదార్థమునకు దీనితో సంబంధము కలదని 1960లో ప్రకటించిరి. నేడిది అరుదు, అయినను మితిమీరి మద్యము సేవించి తిండి మానినవారిలో నిప్పటికిని కనబడును. పప్పులు, వేరుశనగ, పాలు, గుడ్లు, మాంసము గల ఆహారము దీనికి అడ్డు. ఈ లోపమును ఏ పూతయు తీర్పజాలదు.

పాలిపోయిన లేక ఎర్రని మచ్చ పొడిగా నుండి, స్పర్శ తగ్గినట్లు తోచినచో వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. అది కుష్ఠువు కావచ్చును. దానికి మందు అచ్చట ఉచితము. ఆరు లేక పండ్రెండు నెలల చికిత్సతో నయమగును. సిగ్గుపడి దాచుటవలననే అంగవైకల్యము కలుగుచున్నది. ముక్కునకు ఇరువైపుల సీతాకోకరెక్కలవలె ఎరుపు నిలిచి కీళ్లనొప్పులు తోడైనను, రసి కారినను, నాలుగు వారములు శ్రద్ధగా పైపద్ధతిని నడపినను గుణము కనబడకున్నను వైద్యుని చూడవలెను.

సంఘము చేయదగిన పని

ఎరువులను, విత్తనములను కలసి కొనుచున్న సభ్యులు వీనినిగూడ కలసి కొనవచ్చును. ‘ఐ.పి.’ గుర్తుగల తెల్లని పెట్రోలియం జెల్లీ, గ్లిసరిన్, చేతొడుగులు, వెడల్పు టోపీలు మొత్తముగా తెప్పించి లాభము లేకయే యిచ్చినచో, ప్రతి కుటుంబమునకును స్వల్పవ్యయముతో అందును. వానలు పడిన పిదప నొక దినము నిర్ణయించుకొని, వయ్యారిభామను పూతకు రాకముందే ఊరి గట్లన్నిటనుండి కలసి పెరికివేయవలెను. ఒక్కడు తన గట్టును శుభ్రపరచినంతమాత్రమున పొరుగు గట్టు ధూళి ఆగదు. కావున నిది ఏకాకిగా సాధ్యము కాని పని. సంఘమునకు తగిన పని. కావలసిన వస్తువుల పట్టీని సభ్యులు వచ్చు సమావేశములోపుగా కార్యదర్శికి తెలుప గోరుచున్నాము.