అంకె చెప్పని గేజ్

బస్తర్ కొండల్లోని బైలదిల్లా గనుల నుంచి విశాఖకు ఇనుప ఖనిజం మోసుకొచ్చే కొత్తవలస-కిరండూల్ లైను మనకు కొత్త కాదు. రైల్లో అరకు చూసొచ్చినవాళ్లంతా దానిమీదే వెళ్లారు. జపాన్‌కు ఖనిజం పంపడం కోసం 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి వేసిన మార్గమిది. సొరంగాలే 58 ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ఆ వంపులు కనువిందు. బరువు మోసే వ్యాగన్ల చక్రాలకు మాత్రం అవే అరుగుదల.

రైలు చక్రం పట్టా మీంచి జారిపోకుండా లోపలివైపు ఒక అంచు ఉంటుంది. దాన్ని ఫ్లాంజ్ అంటారు. వంపు తిరిగిన ప్రతిసారీ అది పట్టాకు ఒరుసుకుని కొంచెం కొంచెంగా సన్నబడుతుంది. కొత్త చక్రానికి దాదాపు 29 మి.మీ. మందం ఉండే ఫ్లాంజ్ 16 మి.మీ. కంటే తగ్గితే ఆ చక్రాన్ని నడవనివ్వరు. యార్డులో వరసగా నిలిచిన వ్యాగన్ల మధ్య వంగి దీన్ని తేల్చే ఉద్యోగి చేతిలో మైక్రోమీటర్ ఉండదు. చేతిలో ఇమిడే ఉక్కు రేకు ఒకటి ఉంటుంది, దాని చుట్టూ రకరకాల గాట్లు. పేరు టైర్ డిఫెక్ట్ గేజ్. ఒక గాటు ఫ్లాంజ్ మరీ పలచబడిందా అని చూస్తుంది. ఇంకొకటి దాని కొన పదునెక్కిందా అని, మరొకటి చక్రం పట్టా మీద దొర్లే భాగంలో 5 మి.మీ.కు మించి గుంట పడిందా అని. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో ఆ రేకు చెప్పదు. చక్రాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నంతవరకే దాని పని. ఎండలో, దుమ్ములో, గ్రీజు చేతులతో పని చేసేవాడికి అంతకుమించి అక్కర్లేదు కూడా.

మెషిన్ షాపుల్లో గేజ్ కొనేటప్పుడు మనవాళ్లు మరిచిపోయే సంగతి ఇదే. ముందు డిజిటల్ వెర్నియర్ కొంటారు, దాంతో ఏం తేల్చాలో తర్వాత ఆలోచిస్తారు. తెర మీద రెండు దశాంశ స్థానాలు కనిపిస్తే చాలు, కొలత పక్కాగా వచ్చినట్టే అనుకుంటారు.

ఉదాహరణకు 25 మి.మీ. రంధ్రం తీసుకుందాం. డ్రాయింగులో హెచ్7 అని ఉంటే, రంధ్రం 25.000 నుంచి 25.021 మి.మీ. మధ్య ఉండాలని అర్థం. ఆ రెండు హద్దుల మధ్య దూరం తల వెంట్రుక మందంలో మూడో వంతు ఉంటే గొప్ప. మామూలు వెర్నియర్ చదవగలిగే అతి చిన్న కొలతే 0.02 మి.మీ. అంటే మనకిచ్చిన వెసులుబాటు మొత్తం దాని ఒక్క గీతలోనే అయిపోయింది. దాంతో కొలిచి బాగుందన్నా, బాగాలేదన్నా నమ్మడానికి లేదు. సాధనం ఆ వెసులుబాటులో పదో వంతునైనా పట్టుకోగలగాలన్నది షాపుల్లో పాత లెక్క. కుదరకపోతే నాలుగో వంతు.

ఒకే రంధ్రం వందల ముక్కల్లో చూడాలంటే ప్లగ్ గేజ్‌ను మించింది లేదు. రెండు కొనలున్న ఉక్కు కడ్డీ అది. గో కొన బలం పెట్టకుండా లోపలికి జారాలి, ఎర్ర రంగు గుర్తున్న నో-గో కొన దూరకూడదు. గో కొన పొడుగ్గా ఉండి, నో-గో కొన పొట్టిగా ఉండటానికీ కారణముంది. రంధ్రం ప్రతిచోటా సరైన వ్యాసంతో ఉండి కూడా లోపల వంకర పోయి ఉండొచ్చు. పొడవాటి గో కొన ఆ వంకర దగ్గర ఆగిపోతుంది. గో గేజ్ మొత్తం ఆకారాన్ని ఒకేసారి చూడాలి, నో-గో ఒక్కో కొలతను విడివిడిగా చూడాలి అనే ఈ సూత్రాన్ని ఇంగ్లండుకు చెందిన విలియం టేలర్ 1905లో పేటెంట్ చేశాడు.

అయితే పనిముట్టు అరిగి రంధ్రం రోజురోజుకూ ఎటు జరుగుతోందో ప్లగ్ గేజ్ చెప్పలేదు. మెషిన్ సెట్ చేసేవాడికి అంకె కావాల్సిందే. అక్కడ బోర్ గేజో, ఎయిర్ గేజో ఉండాలి. ఇక ఎర్రగా కాలుతూ పరుగెత్తే ఉక్కు రేకు దగ్గరికి ఏ మైక్రోమీటరూ వెళ్లలేదు. హాట్ స్ట్రిప్ మిల్లుల్లో దాని మందాన్ని తాకకుండానే ఎక్స్-రే గేజ్‌లతో చూస్తారు. జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టి, 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేసిన ఎన్ఎండీసీ ఉక్కు కర్మాగారంలో తయారయ్యేది ఇలాంటి రేకు చుట్టలే.

గేజ్ ఎంత మంచిదైనా వేడి దాన్ని మోసం చేస్తుంది. పొడవు కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని 1931లోనే అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. మే నెలలో రేకుల షెడ్డు కింద 40 డిగ్రీలుంటే 100 మి.మీ. ఉక్కు ముక్క 0.023 మి.మీ. సాగుతుంది. గేజ్ కూడా ఉక్కుదే అయి, రెండూ ఒకే వేడిలో ఉంటే పేచీ లేదు, రెండూ ఒకేలా సాగుతాయి. అల్యూమినియం ముక్కయితే దాదాపు రెట్టింపు సాగి లెక్క తప్పిస్తుంది. అంతకన్నా తరచుగా జరిగేది, లేత్ మీంచి తీసిన ముక్కను చల్లారకముందే కొలవడం. వేడి మీద సరిగ్గా ఉన్న షాఫ్టు తెల్లారేసరికి సన్నబడి ఉంటుంది. మైక్రోమీటర్‌ను జేబులో పెట్టుకు తిరిగితే ఒంటి వేడి దానికెక్కుతుంది. ర్యాచెట్ వదిలేసి బొటనవేలితో బిగిస్తే ఎవరి బలానికి తగ్గ కొలత వాళ్లకొస్తుంది.

ఉక్కు పరిశ్రమను చూసి బస్తర్‌లోనో, మన ఆటోనగర్లలోనో చిన్న షాపు పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఖరీదైన డిజిటల్ సెట్టు తర్వాత కొనొచ్చు. ముందు మీరు చేసే ముక్కకు సరిపడే ప్లగ్ గేజ్, ఒక మంచి మైక్రోమీటర్, దాన్ని సరిచూసుకోవడానికి నాలుగు స్లిప్ గేజ్‌లు కొనండి. వాటిని గడువు తప్పకుండా ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకు పంపండి. ప్రతి రంధ్రంలో దూరివచ్చేది గో కొనే కాబట్టి ముందుగా అరిగేదీ అదే. అరిగిన గో గేజ్ ఇరుకు రంధ్రాన్ని కూడా బాగుందని పంపేస్తుంది. దాన్ని డ్రాయర్‌లో దాచకుండా షాపు నుంచే తీసేయండి. షాపులో ఎక్కడున్నా రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు వాడేస్తారు.